డోలు విన్న చెవికి దగ్గరయ్యే జాజ్: ‘మోనిన్’

హార్డ్ బాప్ అంటే వేగంగా, చిక్కగా సాగే బీబాప్ జాజ్ నైపుణ్యానికి అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాటను, వారి చర్చిలలోని పాటను కలిపిన జాజ్ శైలి. ఆ శైలిలో ఒక్క ఆల్బమ్ మాత్రమే వినదలచిన వారికి నేను డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ, ఆయన జాజ్ మెసెంజర్స్ బృందం 1958 అక్టోబరు 30న ఒక్క రోజులో రికార్డు చేసిన ‘మోనిన్’ను సూచిస్తాను.

మొదటి పాటను పియానిస్టు బాబీ టిమ్మన్స్ స్వరపరిచారు. ఆయన ఒక చిన్న పలుకు వాయించి ఆగగానే ట్రంపెట్, శాక్సోఫోన్‌లు ‘ఆమెన్’ అన్నట్టుగా రెండే స్వరాలతో బదులిస్తాయి. కాసేపటికి ఆ పలుకును అవే అందుకుంటాయి, బదులు పలికే వంతు పియానోకు, బేస్‌కు, డ్రమ్స్‌కు వస్తుంది. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ విన్నవారికి ఈ వరుస వింతగా తోచదు. ఆ రెండు సంగీతాలకూ చుట్టరికం ఉందని నేను చెప్పడం లేదు కానీ, కథకుడి మాటను వంతపాడేవారు అందుకోవడం, డోలు ఆ మాటను ముందుకు తోయడం ఎరిగిన చెవికి ఇక్కడ దారి సులువుగా దొరుకుతుంది.

అప్పటికి ఇరవై ఏళ్ల లీ మోర్గన్ ట్రంపెట్‌పై తన వంతు ముగించిన చివరి పలుకునే పట్టుకుని బెన్నీ గోల్సన్ శాక్సోఫోన్ మొదలుపెట్టే చోటును నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో లెక్కలేదు. బ్లేకీ కూడా అంతే శ్రద్ధగా వింటారు. ఒకరి వంతు ముగిసి మరొకరు అందుకునే వేళకు ఆయన స్నేర్ డ్రమ్‌పై దరువు సన్నగా మొదలై, ఉప్పెనలా పెరిగి, కొత్తవాడిని ముందుకు నెడుతుంది.

ఆరు పాటలలో నాలుగు గోల్సన్ కూర్చినవే. వాటిలో ‘బ్లూస్ మార్చ్’ కవాతు నడకతో హుషారుగా సాగుతుంది. ‘డ్రమ్ థండర్ సూట్’ మాత్రం చిన్న స్పీకర్లలో మందంగా, ముద్దగా వినిపిస్తుంది. దానికి మంచి హెడ్‌ఫోన్లు అవసరం.

నేను మొదట తెప్పించుకున్న ఎల్‌పీ వంకర తిరిగి వచ్చింది, సూది ఎగిరెగిరి పడేది, అమ్మినవారు మార్చి ఇవ్వలేదు. కాబట్టి హనుమకొండలోని మా ఇంట్లో ఇప్పుడు సీడీయే మోగుతున్నది. చివరిదైన ‘కమ్ రెయిన్ ఆర్ కమ్ షైన్’ చక్కని పాటే అయినా, చాలా రాత్రులు నేను అక్కడిదాకా వెళ్లకుండానే మళ్లీ మొదటి పాటకు తిప్పుతాను.