ఓసీడీకి మందులా, ఈఆర్‌పీ థెరపీనా?

చేతులు పదేపదే కడగడం, తాళం వేశామా అని మళ్లీ మళ్లీ చూడడం ఆపుకోలేకపోతే దాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. అది ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే మానసిక సమస్య కావచ్చు. వైద్యం ఉంది: మందులు, లేదా ఈఆర్‌పీ, అంటే భయపెట్టేదాన్ని కావాలనే ఎదుర్కొని, కడగడం, మళ్లీ చూడడం లాంటివి చేయకుండా ఆపుకోవడం నేర్పే థెరపీ.

ఖర్చు: ఫ్లూఒక్సెటిన్, సెర్ట్రాలిన్ జెనరిక్ మాత్రలు చవకే, కానీ ఎక్కువకాలం వాడాలి. థెరపీకి సాధారణంగా 12 నుంచి 20 సిట్టింగులు, ప్రతిసారీ ఫీజు.

శ్రమ: మాత్ర వేసుకోవడం తేలికే, గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. రెండో వారంలోనే మానేయకండి. ఈఆర్‌పీలో తలుపు గొళ్లెం ముట్టుకుని చేతులు కడుక్కోకుండా ఉండాలి. టెన్షన్ పెరుగుతుంది. అయినా కడగకుండానే తట్టుకోగలమని మనసుకు అనుభవంలో తెలుస్తుంది. ఇంట్లోవాళ్లు "శుభ్రంగానే ఉందిలే" అని ప్రతిసారీ భరోసా ఇవ్వడం నెమ్మదిగా తగ్గించాలి. ప్రేమతో చేసే ఆ పనే జబ్బును నిలబెడుతుంది.

రిస్క్: మందులతో వికారం, నిద్రలో తేడా, లైంగిక ఆసక్తి తగ్గడం ఉండొచ్చు. సొంతంగా ఆపితే తిరగబెట్టొచ్చు. థెరపీలో కష్టం భరించలేక మధ్యలో వదిలేసే ప్రమాదం ఉంది.

లక్షణాలు తేలికగా ఉండి, శిక్షణ ఉన్న సైకాలజిస్ట్ దొరికితే ముందు ఈఆర్‌పీ. డిప్రెషన్ కూడా ఉంటే, లేదా దగ్గర్లో థెరపిస్ట్ లేకపోతే, సైకియాట్రిస్ట్ సలహాతో మందులు. తీవ్రంగా ఉంటే రెండూ కలిపి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.