ఎనిమా కిట్: డబ్బా బాగుంది, గొట్టాన్ని మాత్రం నమ్మలేం

ఐదుకి రెండు స్టార్లే ఇస్తున్నాను, అవి కూడా స్టీల్ డబ్బాకే. మందంగా ఉంది, అంచులు గీసుకోవు, మురికి ఇరుక్కునే మడతలు లేవు, తోమి మరిగే నీళ్లలో వేస్తే చాలు. గొడవంతా దానికి తగిలించే గొట్టంతోనూ నాజిల్‌తోనూ.

గొట్టం మీటరుకు పైనే ఉంటుంది, చిటికెనవేలు కూడా పట్టదు, పైగా ముదురు రంగు, లోపల ఏముందో కనిపించదు. వాడాక కుళాయి కింద బాగా కడిగి కొక్కేనికి తగిలించి మర్నాడు విదిలిస్తే ఇంకా చుక్కలు పడ్డాయి. నాజిల్ బిగించే చోట సన్నటి గాడి ఒకటి ఉంది, పిన్నీసుతో గీకితే పాత జెల్లీ పసుపచ్చగా ఊడి వచ్చింది. అలాంటి తడి సందుల్లో బాక్టీరియా జిగురు పొరలా అతుక్కుని పెరుగుతుంది, ఆ పొర నీళ్లు పోసినంత మాత్రాన పోదు.

నీళ్లు లోపలికే వెళ్తాయి కదా, గొట్టంలోకి మలం ఎలా వస్తుందని అడుగుతారు. వస్తుందండీ. పేగు ముడుచుకున్నప్పుడు గానీ, డబ్బాను కిందికి దించినప్పుడు గానీ నీళ్లు వెనక్కి తన్నుతాయి. అందుకే ఒక్క నాజిల్ మార్చి ఇంట్లో అందరికీ అదే గొట్టం వాడటం చాలా ప్రమాదం, దయచేసి అలా చేయకండి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. అమెరికాలోని కొలరాడోలో 1978-80 మధ్య ఒక క్లినిక్‌లో మెషీన్‌తో పెద్దపేగు కడిగించుకున్నవాళ్లలో కనీసం 36 మందికి అమీబిక్ వ్యాధి సోకింది, 10 మందికి పెద్దపేగు తీసేయాల్సి వచ్చింది, వాళ్లలో 6 మంది చనిపోయారు. రోజూ చేసే పద్ధతిలోనే శుభ్రం చేశాక ఆ మెషీన్‌ను పరీక్షిస్తే మలంలో ఉండే బాక్టీరియా విపరీతంగా కనిపించింది. క్లినిక్‌లో కడిగిందే అలా ఉంటే బాత్రూమ్ కుళాయి కింద కడిగినదాని సంగతేంటి?

ఈ కిట్‌తో వచ్చిన కాగితంలో శుభ్రం చేయడం గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం, గోరువెచ్చని నీటితో కడగమని. నాకు కోపం వచ్చింది అక్కడే. గొట్టాన్ని మరిగించి చూశాను, మెత్తబడి గోడలు అతుక్కుపోయాయి, చల్లారాక వంపు దగ్గర ముడత అలాగే ఉండిపోయింది. స్పిరిట్‌తో తుడిస్తే విరేచనాలు పట్టించే సి. డిఫిసిల్ లాంటి బాక్టీరియా స్పోర్లు, అంటే గట్టి పెంకులో దాక్కుని ఉండే రూపాలు, చావవు. బ్లీచింగో హైడ్రోజన్ పెరాక్సైడో పోస్తే, సరిగ్గా వదలకపోతే పేగు లోపలి పొరే పుండవుతుంది. వెనిగర్ సంగతి వదిలేయండి.

కొనేవాళ్లు మరిగించినా పాడవని సిలికాన్ గొట్టం ఉన్నది చూసుకోండి. ముందు సబ్బునీళ్లతో మురికి పూర్తిగా వదిలించి, ఆ తర్వాతే మరిగించాలి, నిలువుగా వేలాడదీసి ఆరనివ్వాలి. అయినా ఇంట్లో మరిగించడం ఆస్పత్రిలో 121 డిగ్రీల ఆవిరితో చేసే ఆటోక్లేవ్‌కి సమానం కాదు, స్పోర్లు మిగిలిపోవచ్చు, కాబట్టి ఒకరిది ఇంకొకరు అసలు వాడొద్దు. ప్యాకెట్ మీద 2 అంకెను గీతతో కొట్టేసిన గుర్తు ఉంటే అది ఒక్కసారి వాడి పారేయాల్సింది. లోపలికి పంపే నీళ్లు కూడా కాచి చల్లార్చినవే అయి ఉండాలి. మూలశంక, చీలికలు ఉన్నవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దీని జోలికే వెళ్లొద్దు, చిన్న గాయం చాలు, క్రిములు రక్తంలోకి వెళ్లిపోవడానికి.

ఎనిమా తర్వాత జ్వరం, రక్తం పడే విరేచనాలు, తగ్గని కడుపునొప్పి వస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఎనిమా తీసుకున్న సంగతి సిగ్గుపడకుండా చెప్పండి, ఏ పరీక్షలు రాయాలో ఆయనకి అప్పుడే తెలుస్తుంది.