పాత కారుకు మెక్‌లెస్ స్టీరియో: సెట్టు మంచిదే, చూసుకోవాల్సింది వైరింగ్

క్యాసెట్ ప్లేయరుతో వచ్చిన కారుకైనా, సీడీ ప్లేయరు మొరాయించిన కారుకైనా ఇప్పుడు దొరికేవాటిలో తేలిగ్గా కుదిరేది సింగిల్ డిన్ మెక్‌లెస్ స్టీరియో. మెక్‌లెస్ అంటే లోపల సీడీ తిప్పే యంత్రం ఉండదు. బ్లూటూత్, యూఎస్‌బీ, ఆక్స్, ఎఫ్ఎం, అంతే. సింగిల్ డిన్ అంటే సెట్టు ముఖానికి ఉండే ప్రామాణిక సైజు, డాష్‌బోర్డులో సుమారు 182 మి.మీ. వెడల్పు, 53 మి.మీ. ఎత్తు ఖాళీ ఉంటే ఏ కంపెనీ సెట్టయినా పడుతుంది. పెద్ద టచ్ స్క్రీను పక్కన పెడితే వెలవెలబోతుంది గానీ, పాత కారు వరకు నా ఓటు దీనికే.

మొదటి కారణం లోతు. సీడీ సెట్లు దాదాపు 160 మి.మీ. లోపలికి పోతాయి, మెక్‌లెస్ 100 మి.మీ. దగ్గర ఆగుతుంది. పాత డాష్‌బోర్డుల వెనక హీటరు గొట్టాలూ కేబుళ్లూ ఇరుక్కుని ఉంటాయి కాబట్టి ఆ మిగిలిన జాగా చాలా విలువైనది. కొత్త హార్నెస్ (కనెక్టర్లున్న వైర్ల కట్ట), అడాప్టరు, యాంటెన్నా ప్లగ్గు అన్నీ అక్కడే సర్దుకోవాలి. జాగా చాలక సెట్టును బలవంతంగా నెడితే నలిగేది వైరే. రెండోది గుండ్రటి వాల్యూమ్ నాబ్. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా తిప్పుకోవచ్చు. మూడోది, తాళం తిప్పగానే పాట మొదలవుతుంది.

లోపాలు లేకపోలేదు. ముందున్న యూఎస్‌బీ పోర్టు చాలా సెట్లలో 1 నుంచి 1.5 ఆంపియర్లే ఇస్తుంది. ఫోన్లో మ్యాప్ నడుస్తుంటే ఛార్జింగ్ ఎక్కడం మాట అటుంచి, దిగకుండా ఉంటే గొప్ప. ఎదురెండలో డిస్‌ప్లే కనబడదు. ఊడదీసే ఫేస్‌ప్లేటు ఉన్నవాటిలో వెనక కాంటాక్టుల మీద మురికి పేరుకుని బటన్లు ఒకటి నొక్కితే ఇంకొకటి పలుకుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిస్తే చాలు, సర్వీసు సెంటరుకు పోనక్కర్లేదు.

ఇక డబ్బా మీద అచ్చేసిన ‘50 వాట్లు × 4’. దీన్ని నమ్మకండి. సెట్టు వెనక ఫ్యూజు 10 ఆంపియర్లు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు వోల్టేజీ 14.4. గుణిస్తే లోపలికి వెళ్లేదే 144 వాట్లు, అందులో కొంత వేడిగా పోతుంది. 200 వాట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఎడతెగకుండా ఇవ్వగలిగింది ఛానెల్‌కు 14 నుంచి 22 వాట్లు. కంపెనీ స్పీకర్లకు అది సరిపోతుంది. తర్వాత ఎప్పుడైనా యాంప్లిఫయర్ పెట్టే ఆలోచన ఉంటే వాట్లు వదిలేసి ప్రీఅవుట్ (యాంప్లిఫయర్‌కు సిగ్నల్ పంపే సాకెట్టు) వోల్టేజీ చూడండి. 2 వోల్టుల దానికంటే 4 వోల్టులది మేలు, చుట్టూ ఉండే వైర్ల రొద తక్కువగా వినబడుతుంది.

బిగింపు దగ్గరికొస్తే, పాత రేడియోకు సెక్యూరిటీ కోడ్ ఉందేమో ముందే కనుక్కోండి. కోడ్ లేకుండా బ్యాటరీ తీస్తే ఆ రేడియోను మళ్లీ పరీక్షించి చూసుకునే వీలుండదు. తర్వాత బ్యాటరీ నెగెటివ్ విప్పాలి. ముఖం మీద నాలుగు చిన్న రంధ్రాలుంటే యూ ఆకారపు తాళాలు రెండు వైపులా దూర్చి సమానంగా లాగాలి. కదలకపోతే వెనక ఒక బోల్టో పట్టీయో పట్టి ఉంటుంది, దాన్ని విప్పాలి. పసుపు రంగు తొడుగున్న కనెక్టర్లు కనిపిస్తే సాధారణంగా అవి ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోవద్దు.

కారు కనెక్టరును కోయొద్దు. మీ మోడల్‌కు సరిపోయే అడాప్టర్ హార్నెస్ తెచ్చుకుంటే కారు వైపు ఒక్క వైరూ తెగదు, రేపు పాతది పెట్టాలన్నా సులువు. ఐఎస్ఓ అనే ప్రామాణిక కనెక్టరైతే కరెంటు బ్లాకులో 4వ పిన్ను ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, 7వది తాళం తిప్పితే వచ్చేది, 8వది ఎర్త్. అయితే ఫోక్స్‌వ్యాగన్, ఆడి పాత కార్లు చాలావాటిలో 4, 7 తారుమారుగా ఉంటాయి. తాళం తీసిన ప్రతిసారీ గడియారం, స్టేషన్లు చెరిగిపోతున్నాయంటే సాధారణంగా ఇదే కారణం. సెట్టు పసుపు వైరుకు ఎడతెగని కరెంటు, ఎర్ర వైరుకు తాళంతో వచ్చేది అందాలి. చాలా హార్నెస్‌లలో ఈ రెండింటి మధ్య తీసి మార్చుకునే బుల్లెట్ కనెక్టర్లు ఇందుకే పెడతారు. కారు వైపు రంగుల్ని నమ్మకుండా మల్టీమీటరుతో తాళం తీసి ఒకసారి, తిప్పి ఒకసారి చూడండి.

పసుపు, ఎరుపు కలిపేసి రెండింటికీ ఎడతెగని కరెంటు ఇచ్చే అలవాటు కొందరు బిగించేవాళ్లకుంది. పని త్వరగా అయిపోతుంది, మర్నాటినుంచి బ్యాటరీ ఏడుపు మొదలవుతుంది. సెట్టు 300 మిల్లీ ఆంపియర్లే లాగుతోందనుకున్నా రోజుకు 7 ఆంపియర్-అవర్లు పైనే. 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఐదు రోజుల్లో అడుగంటుతుంది, బండి స్టార్టు కాకపోవడం అంతకంటే ముందే. అనుమానమొస్తే నెగెటివ్ కేబుల్ విప్పి మధ్యలో మీటరును 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి, తలుపులు మూసి అరగంట ఆగి చూడండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే మామూలే. ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజు తీస్తూ ఎక్కడ తగ్గుతుందో పట్టుకోవాలి. మీటరు అలా ఉండగా మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయకండి, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

స్పీకరు వైర్లు గుర్తుపట్టడానికి 1.5 వోల్టుల బ్యాటరీ చాలు. రెండు కొనలకూ క్షణం తాకిస్తే ఏ స్పీకరు టక్కుమంటుందో తెలుస్తుంది. కోన్ బయటికి వస్తే బ్యాటరీ ప్లస్ తగిలింది స్పీకరు ప్లస్‌కే. 4 ఓమ్‌ల స్పీకరు మీటరులో 3.2 నుంచి 3.8 దాకా చూపిస్తే బాగున్నట్టు. ఆ రెండు కొనల్లో ఏ ఒక్కటీ కారు బాడీకి తగలకూడదు. మీటరులో అదీ చూడండి. బాగా పాత కార్లలో స్పీకర్ల నెగెటివ్‌లన్నీ కలిపి బాడీకి ఎర్త్ చేసి ఉంటాయి. ఇప్పటి సెట్లకు అది ససేమిరా పడదు, ప్రొటెక్ట్ అని చూపించి ఆగిపోతుంది, లేదా యాంప్లిఫయర్ చిప్పు కాలిపోతుంది. అలాంటి బండికి ఒక్కో స్పీకరుకు విడిగా రెండేసి కొత్త వైర్లు లాగడమే దారి.

అతుకుల దగ్గర మెలితిప్పి టేపు చుట్టడం వద్దు. ఎండకు డాష్‌బోర్డు కాగి టేపు జిగురు కారిపోతుంది. 6, 7 మి.మీ. తొడుగు వొలిచి క్రింపు కనెక్టరులో నొక్కి, పైన హీట్ ష్రింక్ గొట్టం వేయాలి. వైరును కోసి పట్టుకునే క్లిప్పు కనెక్టర్లు ఇంకా అధ్వానం. కంపనానికి పోగులు తెగి, అప్పుడప్పుడు పలికే అతుకుగా మిగులుతాయి.

అన్నీ సరిగ్గా కలిపినా వాల్యూమ్ పెంచగానే సెట్టు ఆగి మళ్లీ మొదలవుతోందా? అందరూ సెట్టునే తిట్టేది ఇక్కడే. వైరు చివర మీటరు పెడితే 12.5 వోల్టులు కనిపిస్తుంది, కాబట్టి కరెంటు బాగుందనుకుంటారు. ఏ భారమూ లేనప్పుడు తుప్పు పట్టిన అతుకు కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. నిజం తెలియాలంటే పసుపు, నలుపు వైర్ల మధ్య 21 వాట్ల బ్రేకు బల్బు వెలిగించండి. అది 1.75 ఆంపియర్లు లాగుతుంది. అప్పుడు బల్బు దగ్గర 10.8 వచ్చిందనుకోండి, 1.7 వోల్టులు దారిలోనే పోతున్నాయి. మీటరు ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకొకటి నల్ల వైరు మీద పెట్టండి. 0.1 దగ్గరుంటే ఎర్త్ బాగున్నట్టు. వోల్టు దాటితే దోషం ఎర్త్‌లోనే ఉంది. రంగు గీకి మెరిసే లోహం మీద రింగు లగ్గు బిగిస్తే పోతుంది. ఎర్త్ బాగుంటే ఫ్యూజు హోల్డరు, ప్లస్ వైపు అతుకులు వెతకాలి.

యాక్సిలరేటరుతో పాటు స్థాయి పెరిగే కూత చాలాసార్లు ఇదే ఎర్త్ జబ్బు. అయినా పోకపోతే, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరును ఏసీ వోల్టేజీలో పెట్టండి. అర వోల్టు దాటితే ఆల్టర్నేటరు డయోడ్లను అనుమానించాలి. మామూలు డీసీలో 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి, 15 దాటితే రెగ్యులేటరు పోయినట్టే. ముందు దాన్ని సరిచేయకుండా కొత్త సెట్టు పెట్టొద్దు.

ఎఫ్ఎం బలహీనంగా వస్తే యాంటెన్నా మొదట్లో బూస్టరు ఉందేమో చూడండి. ఉంటే దానికి సెట్టు నీలం వైరు నుంచి 12 వోల్టులు ఇవ్వాలి. ఇస్తే సరిపోతుంది. ఇచ్చినా గరగర వస్తుంటే సిగరెట్ లైటరులో పెట్టిన ఛార్జరు పీకి చూడండి, నాసిరకం ఛార్జర్లు ఎఫ్ఎంను బాగా చెడగొడతాయి.

స్టీరింగు మీద ఆడియో బటన్లున్న కారైతే, విడిగా ఇంటర్‌ఫేస్ (బటన్ల సంకేతాలను సెట్టుకు అర్థమయ్యేలా మార్చే పరికరం) పెట్టకుండా చాలావాటిలో అవి పనిచేయవు. దాన్ని తీసుకునే సాకెట్టు సెట్టు వెనక ఉందో లేదో కొనే ముందే చూడండి. కంపెనీ యాంప్లిఫయర్‌తో వచ్చిన కార్లకు మామూలు అడాప్టరు సరిపోదు. వాటికి ప్రత్యేకమైనది దొరికితేనే ఈ సెట్టు తీసుకోండి.