రోలర్ కోస్టర్ ఎక్కేముందు బ్యాగ్ ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి, మా అత్తయ్య పాస్‌పోర్ట్ అలాగే పోయింది

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలనో అత్తమామలనో తీసుకుని ఈ సమ్మర్‌లో అమెరికాలో థీమ్ పార్కులకు బయలుదేరుతున్నవాళ్ళు టికెట్లు కొనకముందే ఇది చదవండి. పోయిన జులైలో ఒక్క రోజు పార్కుకు వెళ్ళి మా అత్తయ్య పాస్‌పోర్ట్, అందులో ఉన్న పదేళ్ళ వీసా, మా కారు తాళం, 300 డాలర్ల క్యాష్ పోగొట్టుకుని వచ్చాం. పార్కు పేరు రాయడం లేదు, మా కంప్లైంట్ ఇంకా నడుస్తోంది. పేరు తెలియకపోయినా మీకు నష్టం లేదు, ఎందుకంటే మేము చేసిన పొరపాటు ఏ పార్కులోనైనా చేయగలిగేదే.

ముందు లాకర్ సంగతి చెప్తాను. గేటు దాటగానే రోజంతా వాడుకునే లాకర్లు కనిపించాయి, 22 డాలర్లు కట్టి ఒకటి తీసుకున్నాం. ఇక బ్యాగుల గొడవ తీరిపోయిందనుకున్నాం. కానీ ఆ లాకర్ ఉండేది గేటు దగ్గర, పెద్ద కోస్టర్లు ఉండేది పార్కుకు ఆ చివర, మధ్యలో మండుటెండలో పావుగంట నడక. నీళ్ళ సీసాలు, మావయ్యగారి షుగర్ మందులు, పాప జాకెట్, ఇవన్నీ గంటకోసారి కావలసినవే కదా, ప్రతిసారీ గేటు దాకా ఎవరు వెళ్ళొస్తారు? అలా ఒక బ్యాగ్, ఒక చిన్న పౌచ్ మాతోనే తిరిగాయి. ముఖ్యమైనవన్నీ చేతికి దగ్గరగా ఉండాలని నేనే ఆ పౌచ్‌లో పెట్టాను. అత్తయ్య పాస్‌పోర్ట్ ఎందుకు తీసుకెళ్ళారని మీరు అడుగుతారని తెలుసు. ఆవిడకు ఇక్కడ వేరే ఐడీ ఏదీ లేదు, ఎక్కడైనా అడిగితే ఇబ్బంది అవుతుందేమో అని పట్టుకెళ్ళాను.

మొదటి పెద్ద కోస్టర్ దగ్గర లైన్ మొదట్లోనే ఆపేశారు. బ్యాగులతో లోపలికి రాకూడదు, పక్కనే ఉన్న రైడ్ లాకర్లలో పెట్టి రండి అన్నారు. గేటు దగ్గర లాకర్‌కు డబ్బు కట్టాం కదా అని రసీదు చూపిస్తే, అది వేరు ఇది వేరు అన్నారు. సరే, ఇది 90 నిమిషాల వరకు ఉచితం, బోర్డు మీద వెయిటింగ్ 75 నిమిషాలు, సరిపోతుందనుకుని పెట్టేశాం. గంట నిలబడ్డాక ఆకాశం మబ్బు పట్టి ఉరుములు మొదలయ్యాయి. దగ్గర్లో మెరుపులుంటే ఇక్కడ బయటి రైడ్లన్నీ ఆపేస్తారు, అది మంచిదే, అందులో తప్పు లేదు. మేము మాత్రం లైన్‌లోంచి బయటికి రాలేక అలాగే నిలబడిపోయాం. రైడ్ ముగించుకుని వచ్చేసరికి లాకర్ టైమ్ దాటిపోయి, కార్డు గీకి 14 డాలర్లు కట్టేదాకా తలుపు తెరుచుకోలేదు. మావయ్యగారు మందు వేసుకోవలసిన టైమ్ కూడా దాటిపోయింది. 14 డాలర్లు పోతే పోయాయి, ఆ మందు గురించి నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. వేళకు వేసుకోవలసిన మందు ఏదీ లాకర్‌లో పెట్టకండి, కింద కూర్చునే మనిషి చేతిలోనే ఉంచండి.

ఆ కోపంలోనే రెండో తప్పు చేశాం. సాయంత్రం ఇంకో కోస్టర్ దగ్గర లాకర్ తప్పనిసరి కాదు, ప్లాట్‌ఫారమ్ మీద రైలుకు అవతలి వైపు తెరిచి ఉన్న అరలు ఉంటాయి, ఎక్కేముందు సామాను అందులో పెట్టి, దిగాక తీసుకోవచ్చు. అత్తయ్య, మావయ్యగారు అప్పటికి అలసిపోయి ఏసీలో ఏదో షో చూస్తూ కూర్చున్నారు. మా ఆయన, నేను, బాబు, పాప నలుగురం ఎక్కాం. పౌచ్ అరలో పెట్టాను. ఇక్కడ ఒక విషయం గమనించండి: ట్రాక్ మీద ఒక్క రైలు ఉండదు, రెండో మూడో తిరుగుతుంటాయి. మనం పైన ఉండగా మన వెనక రైలువాళ్ళు అదే అరలో సామాను పెడతారు, మన ముందు రైలువాళ్ళు దిగి అదే అరలోంచి తీసుకుంటారు. అక్కడున్న స్టాఫ్ బెల్టులు, లాక్ బార్లు చూసుకుంటారు గాని ఎవరి బ్యాగ్ ఎవరు తీసుకెళ్తున్నారో చూడరు. మేము దిగేసరికి అరలో నా నీళ్ళ సీసా ఉంది, పౌచ్ లేదు.

ఎవరో పొరపాటున తీసుకెళ్ళారో, కావాలనే తీసుకెళ్ళారో ఇప్పటికీ తెలియదు. స్టాఫ్‌ను అడిగితే గెస్ట్ సర్వీసెస్‌కు వెళ్ళమన్నారు. అక్కడ ఒక ఫారం నింపించుకుని, దొరికితే ఈమెయిల్ చేస్తాం అన్నారు. కెమెరా చూడమంటే పోలీసులు అడిగితే తప్ప చూపించలేమన్నారు. టికెట్ షరతుల్లో, ప్లాట్‌ఫారమ్ మీద బోర్డులో, పోయిన వస్తువులకు మేము బాధ్యులం కాము అని రాసి ఉంది, తర్వాత వెళ్ళి చదివాను. రాత్రి 9 దాటాక పార్కింగ్‌లో పిల్లలు ఫుట్‌పాత్ మీద మావయ్యగారి ఒడిలో నిద్రపోయారు, అత్తయ్య "నా వల్లే కదమ్మా ఇదంతా" అని ఏడుస్తున్నారు. ఆవిడ తప్పు ఒక్క శాతం కూడా లేదు. కారు స్పేర్ తాళం ఆరు గంటల దూరంలో ఇంట్లో ఉంది. కారును టో చేయించి కొత్త తాళం చేయించడానికి, ఆ రాత్రి హోటల్‌కు కలిపి 700 డాలర్లు దాటింది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ పాస్‌పోర్ట్‌ది. అత్తయ్య వాళ్ళ తిరుగు ప్రయాణం దగ్గర పడుతోంది, ఆగి చూసే పరిస్థితి లేదు, కాబట్టి పోలీస్ రిపోర్ట్ రాయించి, పాస్‌పోర్ట్ పోయిందని ఇండియన్ కాన్సులేట్‌కు, వీసా పోయిందని అమెరికన్ ఎంబసీకి తెలియజేశాం. తొమ్మిదో రోజున పార్కు నుంచి ఈమెయిల్, పౌచ్ దొరికింది, పాస్‌పోర్ట్ ఉంది, క్యాష్, తాళం లేవు అని. మేము ఎంత సంతోషించామో చెప్పలేను. తర్వాత తెలిసింది, ఒకసారి పోయిందని రిపోర్ట్ చేసిన పాస్‌పోర్ట్ రద్దయిపోతుంది, దొరికినా ప్రయాణానికి పనికిరాదు. వీసా కూడా అంతే, పోయిందని చెప్పాక మళ్ళీ దొరికినా వాడకూడదు, ఇండియాలో మళ్ళీ అప్లై చేసుకోవలసిందే. ఇండియాకు వెళ్ళిపోవడానికి మాత్రమే అయితే కాన్సులేట్ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, ఒక్క ప్రయాణానికే పనికొస్తుంది. మేము అలాగే పంపించాం. ఇంత జరిగినా వాళ్ళు ముందు అనుకున్న రోజుకు బయలుదేరలేకపోయారు, టికెట్ మార్చుకోవడానికి మళ్ళీ ఖర్చు.

అందుకని పెద్దవాళ్ళ పాస్‌పోర్ట్ ఇంట్లోనో హోటల్ లాకర్‌లోనో పెట్టండి. బయటికి వచ్చినప్పుడు ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు చూపించే రికార్డు) ప్రింటవుట్, పాస్‌పోర్ట్ మొదటి పేజీ, వీసా పేజీ జిరాక్స్‌లు వాళ్ళ దగ్గర ఉంచండి. ఐ-94 పోయినా సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) వెబ్‌సైట్‌లో మళ్ళీ తీసుకోవచ్చు, ఖర్చు లేదు. పాస్‌పోర్ట్ అలా రాదు.

ఇక పార్కు ఎంచుకునేటప్పుడు టికెట్ ధర ఒక్కటే చూడకండి, మీరు ఎక్కబోయే ఒక్కొక్క కోస్టర్‌కు సామాను ఏర్పాటు ఏమిటో చూడండి. ఒకే పార్కులో కూడా రైడ్ రైడ్‌కూ తేడా ఉంటుంది. ఓర్లాండో యూనివర్సల్‌లో పెద్ద కోస్టర్ల దగ్గర చిన్న లాకర్లు కొంత టైమ్ వరకు ఉచితం, పెద్ద సైజు కావాలంటే డబ్బు కట్టాలి. అక్కడ హల్క్ కోస్టర్‌కు మెటల్ డిటెక్టర్ దాటి వెళ్ళాలి, జేబులో ఫోన్, తాళాలు, చిల్లర కూడా ఉండకూడదు. 2021లో వచ్చిన వెలాసికోస్టర్‌కు మాత్రం నాకు నచ్చిన పద్ధతి ఉంది: లాకర్లు లైన్ లోపల, రైలు ఎక్కే చోటుకు దగ్గరలో, రెండు వైపులా తలుపులతో ఉంటాయి. వెళ్ళేటప్పుడు ఇటు నుంచి పెడతాం, దిగాక అటు నుంచి తీసుకుంటాం. అంటే లైన్‌లో ఉన్నంతసేపూ ఫోన్, నీళ్ళు, మందులు మన దగ్గరే ఉంటాయి. డిస్నీ మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 2023లో మొదలైన ట్రాన్ కోస్టర్‌కూ ఇలాంటి రెండు వైపుల లాకర్లే, అవి ఉచితం. అన్ని పార్కులూ ఇలా ఎందుకు పెట్టవో నాకు అర్థం కాదు. మాకు జరిగిన రెండు ఇబ్బందులూ ఈ ఒక్క ఏర్పాటుతో తప్పిపోయేవి.

లాకర్ వాడేవాళ్ళకు చిన్న విషయం, కానీ చాలామంది మర్చిపోతారు. లాకర్ నంబర్ ఫోటో తీసుకుని ఆ ఫోన్‌ను అదే లాకర్‌లో పెట్టేస్తారు. పెన్‌తో చేతి మీద రాసుకోండి. ఏ టికెట్ స్కాన్ చేసి తెరిచారో ఆ టికెట్ ఎవరిదో కూడా గుర్తుంచుకోండి. రసీదులు పారేయకండి, నా కంప్లైంట్‌లో వాళ్ళు మొదట అడిగింది అవే.

జేబులో ఉంటే భద్రంగా ఉంటుంది కదా అనేవాళ్ళకు ఒక మాట. కోస్టర్ పైనుంచి కిందికి దూకేటప్పుడు మన ఒళ్ళే సీటు మీద నుంచి లేస్తుంది, జేబులో ఫోన్ లేవదా? 45 మీటర్ల ఎత్తు నుంచి పడే వస్తువు దాదాపు 3 సెకన్లలో నేలకు చేరుతుంది, అప్పటికి దాని వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. కింద ఎవరి తల ఉందో మనకు తెలియదు. 2019లో స్పెయిన్ పోర్ట్‌అవెంచురా పార్కులో శంభాల కోస్టర్ మీద ఒకాయన ముందువాళ్ళ చేతిలోంచి జారిన ఫోన్‌ను గాలిలోనే పట్టుకున్న వీడియో మా బాబు ఇరవైసార్లు చూసుంటాడు. ఆ రైలు వేగం గంటకు 134 కిలోమీటర్లు. ఆయన పట్టుకున్నాడు గాని, అదే ఫోన్ ముఖానికి తగిలి ఉంటే ఏమయ్యేది?

ఏదైనా పడిపోతే మాత్రం దయచేసి కంచె దాటి వెళ్ళకండి, పిల్లల్ని వెళ్ళనివ్వకండి. 2015లో ఒహాయో సీడార్ పాయింట్ పార్కులో పోయిన ఫోన్ కోసం రాప్టర్ కోస్టర్ కంచె లోపలికి వెళ్ళిన మనిషిని రైలు కొట్టింది, చనిపోయాడు. 2024 జూన్‌లో అదే రాష్ట్రంలో కింగ్స్ ఐలాండ్ పార్కులో బాన్షీ కోస్టర్ కింద పడిన తాళాల కోసం వెళ్ళిన ఇంకో అతనికీ అదే జరిగింది. ఇవి పట్టాల పైన కాకుండా కింద వేలాడుతూ వెళ్ళే రైళ్ళు, ఖాళీ స్థలంలా కనిపించే చోట మనుషుల కాళ్ళు దూసుకొస్తాయి. ఆ రోజు మా బాబు టోపీ కూడా ట్రాక్ కిందే పడింది, కంచెకు అవతల రెండు అడుగుల దూరంలో కనిపిస్తోంది, వాడు చెయ్యి పెట్టబోతే మా ఆయన లాగేశారు. స్టాఫ్‌కు చెప్తే రైడ్ మూసేశాక తీసి పెడతారు.

మన ఆడవాళ్ళకు ప్రత్యేకంగా చెప్తున్నాను, చున్నీ వేసుకుని ఎక్కకండి, నల్లపూసలు, పొడుగు గొలుసులు, జుంకాలు ఆ రోజు ఇంట్లోనే ఉంచండి. కళ్ళజోడుకు వెనక కట్టుకునే తాడు దొరుకుతుంది. పెద్దవాళ్ళ చెవి మిషన్ ముందే తీసి జాగ్రత్త చేయండి. హైదరాబాద్‌లో రావిర్యాల వండర్‌లాకు వెళ్ళేవాళ్ళకూ ఇదే, అక్కడి రీకాయిల్ కోస్టర్ ముందుకు వెళ్ళినట్టే మళ్ళీ వెనక్కి కూడా వస్తుంది, జేబులోవి రెండు వైపులా జారతాయి. అద్దె లాకర్లు ఉన్నాయి, తీసుకోండి.

ఇప్పుడు మేము పాటించేది ఒకటే. అందరం ఒకేసారి ఎక్కం. ఒక పెద్దమనిషి సామానుతో కింద ఉంటారు, మిగతావాళ్ళు దిగాక వంతు మారతారు. చాలా పార్కుల్లో పిల్లలున్నవాళ్ళకు రెండోసారి లైన్‌లో నిలబడకుండా వంతులు మార్చుకునే సదుపాయం ఉంటుంది, ఆ రైడ్ దగ్గర స్టాఫ్‌ను అడిగితే చెప్తారు. కారు తాళం ఒకటి మా ఆయన దగ్గర, రెండోది నా దగ్గర, ఎప్పుడూ ఒకే సంచిలో కాదు.

అత్తయ్యకు ఖమ్మంలో కొత్త పాస్‌పోర్ట్ వచ్చేసింది. వీసా అప్పాయింట్‌మెంట్ ఇంకా దొరకలేదు. పాప పుట్టినరోజు వచ్చే నెలలోనే, ఆలోపు రాగలరో లేదో తెలియడం లేదు.