కట్టడం బాగా చెప్పారు, కోత సంగతి వదిలేశారు

బెంగళూరు మారతహళ్ళిలో తెలుగు విద్యార్థుల కోసం నడుస్తున్న ఒక శిక్షణ కేంద్రం, బాక్టీరియా కణకవచాన్ని, అంటే చక్కెర గొలుసులను పెప్టైడ్‌లనే చిన్న అమైనో ఆమ్లాల గొలుసులతో ముడివేసి అల్లిన రక్షణ గోడను, నిర్మించే ఎంజైములపై నాలుగు ఆదివారాల తరగతులు నిర్వహించింది. రుసుము 3,500 రూపాయలు. అధ్యాపక, పరిశోధన అర్హతకు పెట్టే నెట్ పరీక్ష రాయబోతున్న మా చెల్లెలి కూతురిని అందులో చేర్పించాను. డిగ్రీ కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం చెబుతున్నదాన్ని కాబట్టి, నిర్వాహకుల అనుమతితో నేనూ వెనక వరుసలో కూర్చున్నాను.

మొదటి ఆదివారానికే రుసుము గిట్టుబాటయిందనిపించింది. ఈ కవచపు ముడిసరుకును వరుసగా తయారుచేసే ఎంజైముల పేర్లు, మర్-ఏ నుంచి మర్-ఎఫ్ వరకు, వల్లె వేయించి వదిలేయడం మన దగ్గర మామూలే. ఈ అధ్యాపకురాలు మాత్రం మర్-ఏ ఒక్కదాని దగ్గరే దాదాపు గంటసేపు ఆగారు. ఆ ఎంజైము ఫాస్ఫోఇనోల్ పైరువేట్ అనే చిన్న అణువులోని ఒక భాగాన్ని తెచ్చి చక్కెర అణువుకు ఎలా తగిలిస్తుందో, ఇ. కోలై అనే బాక్టీరియాలో ఆ ఎంజైము 115వ స్థానంలో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని ఫాస్ఫోమైసిన్ అనే యాంటీబయాటిక్ పట్టుకుని ఆ పనిని ఎలా ఆపేస్తుందో నల్లబల్ల మీద బొమ్మ గీసి చూపించారు. క్షయ బాక్టీరియాలో ఆ చోట సిస్టీన్ బదులు ఆస్పార్టేట్ అనే మరో అమైనో ఆమ్లం ఉండటం వల్లే ఈ మందు దాని మీద పనిచేయదని చెప్పినప్పుడు, ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్న నేను కూడా పుస్తకం తీసి రాసుకున్నాను. ఎల్-అలనైన్ అనే అమైనో ఆమ్లాన్ని దాని అద్దపు ప్రతిబింబమైన డి-రూపంలోకి మార్చే రాసిమేజ్, అలాంటి రెండింటిని జోడించే లైగేజ్, ఈ రెండింటినీ అడ్డుకునే డి-సైక్లోసెరిన్ అనే మందు గురించి కూడా అంతే ఓపికగా వివరించారు.

రెండో వారం కవచపు ముడిసరుకు తర్వాతి రూపాలైన లిపిడ్-1, లిపిడ్-2, వాటిలో లిపిడ్-2ను కణపొర అవతలికి చేర్చే మర్-జె గురించి వేగంగా ముగించారు. అది పెద్ద లోటేమీ కాదు. మూడో వారం పెనిసిలిన్ పాఠం మళ్లీ నిండుగా సాగింది. పెనిసిలిన్ ఆకారం పెప్టైడ్ చివరి డి-అలనైన్ జంటను పోలి ఉంటుందని 1965లో టిప్పర్, స్ట్రోమింజర్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రతిపాదనతో మొదలుపెట్టి, ఆ జంటలో ఒక అలనైన్ బదులు లాక్టేట్ చేరితే ఆ జంటను పట్టుకునే వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ పట్టు ఎందుకు సడలిపోతుందో చెప్పేవరకు ఎక్కడా దారి తప్పలేదు.

ఇచ్చిన నోట్సు మాత్రం ఆ స్థాయిలో లేదు. పెప్టైడ్‌కు మర్-ఈ చేర్చే మూడో అమైనో ఆమ్లం ఇ. కోలైలో డయామినోపిమెలిక్ ఆమ్లం కాగా, లైసిన్ అని అచ్చయింది. లైసిన్ ఉండేది స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే మరో బాక్టీరియాలో. చక్కెర గొలుసులను పొడిగించే పని రాడ్-ఏ అనే ప్రోటీన్ కూడా చేస్తుందని 2016లోనే తేలినా, అందులో దాని ఊసే లేదు.

నా అసలు అసంతృప్తి నాలుగో ఆదివారంతోనే. కణకవచం అన్ని వైపులా అల్లుకున్న వల లాంటిది. పాత ముడులు కొన్ని కోస్తే తప్ప కొత్త పోగును అందులో చేర్చడానికి చోటుండదు. ఆ కోత పని చేసే మెప్-ఎస్, మెప్-ఎమ్, మెప్-హెచ్ అనే మూడు ఎంజైములూ లేకపోతే ఇ. కోలై పెరగలేదని 2012లో చూపించింది మన హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలోని మంజులా రెడ్డి గారి బృందం. కణకవచంపై చేసిన పరిశోధనకే ఆమెకు 2019 ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. కట్టే ఎంజైముల గురించి మూడు వారాలు చెప్పి, కోసే వాటికి ఒక్క గంట కూడా ఇవ్వకుండా, చివరి రోజంతా నమూనా పరీక్షకే కేటాయించారు. అడిగితే, సిలబస్‌లో ఇంతవరకే ఉందని కార్యాలయంలో జవాబిచ్చారు.

పరీక్ష కోసమే అయితే నిస్సంకోచంగా చేరవచ్చు. పరిశోధన వైపు వెళ్లాలనుకునేవారు మాత్రం నోట్సును ఒకసారి సరిచూసుకుని, కోత ఎంజైముల అధ్యాయాన్ని విడిగా చదువుకోవాల్సి ఉంటుంది. మా అమ్మాయికి ఆ పాఠాన్ని వచ్చే ఆదివారం ఇంట్లో నేనే చెబుతున్నాను.