బరంపురం శివార్లలో ఒక ఆడపిల్లల హాస్టల్: డబ్బు కట్టే ముందు విచారించవలసినవి

ఇచ్ఛాపురానికి బరంపురం సుమారు పాతిక కిలోమీటర్లు. ఈ దగ్గరితనం చూసే కంచిలి, సోంపేట, పలాస వైపు తల్లిదండ్రులు చాలామంది పిల్లలను విశాఖపట్నం పంపడం కంటే బరంపురం కాలేజీల్లో చేర్చడానికి మొగ్గు చూపుతారు. 1936లో ఒడిశా ఏర్పడే వరకు బరంపురం ఉన్న గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక ఊళ్ళో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. బజారులో బట్టలు కొనాలన్నా, ఆ ఊరికి పేరు తెచ్చిన అప్పడాలూ పచ్చళ్ళూ కొనాలన్నా తెలుగులోనే బేరమాడుకోవచ్చు. హాస్టల్ గేటు దాటాక మాత్రం ఆ వెసులుబాటు ఉండదు. నోటీసులు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి, తిండి వేరు, సెలవుల లెక్క వేరు. బీటెక్ పూర్తయ్యే వరకు నేను ఉన్నది శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్‌లో. అక్కడి అనుభవాన్ని బట్టి నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటే: గదిని చూసి హాస్టల్‌ను ఎంచుకోకూడదు, నీళ్ళ సంగతి, మెస్సు సంగతి, వార్డెన్ సంగతి తెలుసుకున్నాకే డబ్బు కట్టాలి.

గది గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గదికి ముగ్గురు, ఇనుప మంచాలు, తలా ఒక బీరువా అర, ఒకే బల్ల, ఒకే ఫ్యాను. పరుపు, బకెట్టు, తాళం, దోమతెర మనమే తెచ్చుకోవాలి. దోమతెర వద్దనుకోకండి, వానాకాలంలో జ్వరాలు మొదలయ్యేది తెర కట్టని గదుల్లోనే. సముద్రం దగ్గర కావడం వల్ల వేసవిలో ఉక్క విపరీతంగా ఉంటుంది కనుక పై అంతస్తు గది ఇస్తామంటే ఒప్పుకోకుండా, మధ్య అంతస్తులో కిటికీ ఉన్న గది అడగడం మంచిది.

నీళ్ళ దగ్గరే మా హాస్టల్ అసలు లోపం బయటపడింది. చూడవచ్చిన తల్లిదండ్రులకు ముందుగా జనరేటర్ చూపించేవారు. కరెంటు పోతే వరండా లైట్లు, గదుల్లో ఫ్యాన్లు వెంటనే వచ్చేవి కనుక అందరూ తృప్తిగా వెళ్ళేవారు. కానీ బోరు మోటారుకు ఆ జనరేటర్ కనెక్షన్ లేదు. కరెంటు ఒక పూట పోతే మేడ మీది ట్యాంకు ఖాళీ అయ్యేది, ఆ తర్వాత కింద వంటింటి వెనక ఉన్న ఒక్క కుళాయి వద్ద తెల్లవారకముందే బకెట్లు వరసలో ఉండేవి. బకెట్టు మీద నెయిల్ పాలిష్‌తో పేరు రాసుకోని పిల్ల అందులో ఉండేది కాదు, ఎందుకంటే వరసలో బకెట్టు పెట్టి పడుకోవడానికి వెళ్ళినవారి వంతు పోకుండా కాపాడేది ఆ పేరే. ఈ ప్రాంతానికి తుపాన్లు కొత్త కాదు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి, గంజాం జిల్లాలను కూడా దెబ్బతీసింది. కరెంటు రోజుల తరబడి రాకపోవడం ఊహించవలసిన విషయమే కనుక, జనరేటర్ ఉందా అని కాకుండా, మోటారు దానితో నడుస్తుందా అని అడగండి. తాగునీటి ఫిల్టర్ పక్కన చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారో రాసే కార్డు వేలాడుతుంటుంది. దాని మీది తేదీ చూడండి. మా దాంట్లో ఆ కార్డు చాలాకాలం ఖాళీగా ఉండేది, విద్యార్థినులు కలిసి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాకే తేదీలు పడటం మొదలైంది.

ఇక భోజనం. మొదటి వారంలో తెలుగు పిల్లలు ఇంటికి ఫోన్ చేసి ఏడ్చేది ఎక్కువగా దీని గురించే. మెస్సులో రోజూ వండేది ఉప్పుడు బియ్యం. గింజ లావుగా ఉంటుంది, కూరతో కలుపుకుంటే ముద్ద మనకు అలవాటైనట్టు రాదు. పప్పును కూరగాయలతో కలిపి వండే దాల్మా, నూనె తక్కువగా వేసే కూరగాయల కూర సంతుళా, ఏ కూరలోనైనా బంగాళాదుంప, ఇవి వారమంతా తిరిగి తిరిగి వస్తాయి. చారు ఉండదు, సాంబారు ఆదివారం ఇడ్లీతో మాత్రమే. నిష్పక్షపాతంగా చెప్పాలంటే దాల్మా మంచి వంట. పచ్చి అరటి, బొప్పాయి, గుమ్మడి, పప్పు కలిసి ఉంటాయి కనుక హాస్టల్ తిండిలో అంతకంటే ఒంటికి పట్టేది మరొకటి నాకు కనిపించలేదు. వేసవిలో పెట్టే పఖాళ మన చద్దన్నం లాంటిదే. తరవాణి ఎరిగిన ఉత్తరాంధ్ర ఇళ్ళ పిల్లలకు అది కొత్తగా ఉండదు. పక్కన వేయించిన వడియాల పొడి, ఉల్లిపాయ, పచ్చిమిరప పెడతారు. ఆవకాయ సీసా తీసుకువెళ్ళండి గాని మొదటి రోజే బల్ల మీద పెట్టి అందరికీ పంచండి, ఎందుకంటే గదిలో స్నేహం అక్కడే మొదలవుతుంది.

మాంసాహారులు తెలుసుకోవలసినది మరొకటి ఉంది. కార్తీక మాసంలో, ముఖ్యంగా పున్నమితో ముగిసే, పంచుక అని పిలిచే ఐదు రోజుల్లో, ఒడియా కుటుంబాలు చాలావరకు చేప, మాంసం ముట్టవు. మార్గశిరంలో గురువారాలు లక్ష్మీపూజ. ఆ రోజుల్లో మెస్సులో కోడిగుడ్డు కూడా ఉండదు, కొన్నిసార్లు ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. దీన్ని అన్యాయంగా భావించి గొడవ పడినవారిని చూశాను. అది వారి ఆచారమని, ముందే తెలిసి వెళ్తే బాధ ఉండదని నా నమ్మకం.

మెస్సును బాగు చేసుకోవచ్చునని నేను నమ్మకంగా చెప్పడానికి మా వంటామె కారణం. అందరూ ఆమెను మాఉసీ అని పిలిచేవారు. ఉప్పుడు అన్నం అరగక నేను రెండు పూటలు పళ్ళెం అలాగే వదిలేస్తే, తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగులో, "అమ్మా, తినలేకపోతే చెప్పాలి గాని పడేయకూడదు, నీ పేరు రాయించు, పచ్చి బియ్యం వేరే వండుతాను" అంది. పేరు రాయించవలసిన చోటు మెస్ కమిటీ పుస్తకం. నెలకోసారి కమిటీ కూర్చుంటుందని నియమం ఉన్నా, ఆ పుస్తకంలో రాసేవారే లేక పేజీలు తెల్లగా ఉండేవి. తెలుగు పిల్లలం కలిసి రాశాక పచ్చి బియ్యం అన్నం, పెరుగు రోజూ ఇవ్వడం మొదలుపెట్టారు. మెస్సుకు ఆహార భద్రతా సంస్థ లైసెన్సు ఉండాలి, 14 అంకెల ఆ సంఖ్య కనపడేలా పెట్టాలి; చూడటానికి వెళ్ళిన రోజే వంటింటి గోడ మీద దాని కోసం వెతకండి.

సెలవుల విషయంలో నా అసంతృప్తి ఇంకా పోలేదు. సంక్రాంతికి మనకు మూడు నాలుగు రోజుల పండుగ, అక్కడ ఒక్క రోజు సెలవు. భోగికి ఇంట్లో ఉండాలంటే క్లాసులు వదులుకోవాలి, హాజరు తగ్గుతుంది. జూన్ మధ్యలో వచ్చే రజ పండుగకు మాత్రం ఊరంతా ఉయ్యాలలు కడతారు, హాస్టల్‌లో పిఠాలనే పిండివంటలు పంచుతారు, అది ఆడపిల్లల పండుగ కనుక తప్పక ఉండి చూడవలసినది. బయటికి వెళ్ళడానికి అవుట్ పాస్ కావాలి. చేరేటప్పుడు నమోదు చేసిన తల్లిదండ్రుల నంబరు నుంచి ఫోన్ వస్తేనే ఇస్తారు కనుక, మారిపోయే నంబరు రాయకండి. మగపిల్లల హాస్టల్ గేటు రాత్రి వరకు తెరిచి ఉండగా మా గేటు చీకటి పడగానే మూసేవారు. లైబ్రరీ తెరిచి ఉన్నా మేము వెళ్ళలేకపోయేవాళ్ళం. భద్రత పేరుతో చదువుకు అడ్డు పెట్టే ఈ నియమం నాకు ఏనాడూ సమంజసంగా తోచలేదు, దీని గురించి తల్లిదండ్రులే కాలేజీని అడగాలి.

ర్యాగింగ్ భయం చాలామందికి ఉంటుంది. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం మొదటి సంవత్సరం వారిని వీలైనంత వరకు సీనియర్లు లేని బ్లాకులో ఉంచాలి, విద్యార్థీ తల్లిదండ్రులూ హామీపత్రాలు ఇవ్వాలి. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 రాత్రీ పగలూ పనిచేస్తుంది. మా హాస్టల్ ఈ విషయంలో నియమం పాటించింది, నాకు ఇబ్బంది ఎదురుకాలేదు. అందుకు వార్డెన్ అదే భవనంలో కుటుంబంతో ఉండటం ముఖ్య కారణమని నా అభిప్రాయం. మా గదిలో ఒడియా అమ్మాయికి అర్ధరాత్రి జ్వరం పెరిగి వణుకుతుంటే, ఆవిడ నైటీ మీద శాలువా కప్పుకుని స్వయంగా ఆటో పిలిపించి ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకువెళ్ళి, ప్లేట్‌లెట్ల రిపోర్టు వచ్చే వరకు అక్కడే కూర్చున్నారు. వార్డెన్ ఎక్కడ నివసిస్తారు, రాత్రి పిలిస్తే వాహనం ఏముంది, ఈ రెండు ప్రశ్నలకు ఆఫీసులో తడుముకుంటే ఆ హాస్టల్ గురించి మరొకసారి ఆలోచించండి.

గదిలో ముగ్గురూ తెలుగువారే ఉండేలా చూడమని ఆఫీసును అడిగే అలవాటు మనవారికి ఉంది. నేను ఆ సలహా ఇవ్వను. కనీసం ఒక్క ఒడియా అమ్మాయి ఉంటే నోటీసు చదివి చెప్పడానికి, దుకాణంలో మాట్లాడటానికి తోడు దొరుకుతుంది. ఏడాది తిరిగే లోపు ఒడియా అర్థమవుతుంది, తిరిగి ఆమెకూ మన మాటలు వస్తాయి.

ఫీజు ఏటా మారుతుంది కనుక అంకె రాయడం లేదు. గది అద్దె, మెస్సు, కరెంటు, డిపాజిట్ విడివిడిగా రాసిన కాగితం అడిగి తీసుకోండి; మాకు అన్నీ కలిపి ఒకే మొత్తం చెప్పి, కరెంటు డబ్బు తర్వాత వేరుగా వసూలు చేశారు. డిపాజిట్ విషయంలో మరీ జాగ్రత్త అవసరం. ఖాళీ చేసేటప్పుడు విరిగిన బీరువా గడియ, పగిలిన స్విచ్‌బోర్డు పేరుతో మా ముగ్గురి డిపాజిట్ల నుంచి కోత పెట్టారు, ఆ రెండూ మేము చేరేనాటికే అలా ఉన్నాయి. గదిలో అడుగుపెట్టిన రోజే గోడలు, గడియలు, మంచాలు, స్విచ్‌లు ఫోన్‌లో ఫోటోలు తీసి, లోపాల జాబితా రాసి వార్డెన్ సంతకం తీసుకుని, ఒక ప్రతి ఇంటికి పంపించి ఉంచండి.