కేపీహెచ్‌బీ కాలనీ ఇరుకేనా? ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల సమీక్ష

హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు (కేపీహెచ్‌బీ) కాలనీకి వచ్చిన చుట్టాలు మెట్రో మెట్లు దిగీ దిగగానే అనే మాట ఒకటే: "ఇంత జనంలో ఎలా ఉంటున్నారండీ?" అదే ప్రశ్న ఇక్కడ పాతుకుపోయినవాళ్లని అడగండి, జనం ఊసే ఎత్తరు. కారు పెట్టడానికి చోటు లేదంటారు, డ్రైనేజీ పొంగుతోందంటారు, పైఅంతస్తుకి నీళ్లు ఎక్కడం లేదంటారు. వచ్చిపోయేవాళ్లకి కనిపించే ఇరుకు రోడ్డు మీద ఉంటే, ఉండేవాళ్లకి తగిలే ఇరుకు స్టిల్టులోనూ (పార్కింగ్ కోసం స్తంభాల మీద వదిలిన కింది అంతస్తు) పైపులోనూ ఉంది. ఇల్లు కొనాలన్నా, అద్దెకి దిగాలన్నా ముందు తేల్చుకోవాల్సింది ఈ రెండోదాన్నే.

ముందు ప్లాన్‌కి పడాల్సిన మార్కులు వేసేద్దాం. 1980లలో అప్పటి ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు బొంబాయి హైవే పక్కన, ఊరికి దూరం అనుకున్న చోట, ఫేజుల వారీగా వేసిన లేఅవుట్ ఇది. ఆదాయాన్ని బట్టి ఈడబ్ల్యూఎస్ (పేదలకి), ఎల్‌ఐజీ (తక్కువ ఆదాయం), ఎంఐజీ (మధ్య ఆదాయం), హెచ్‌ఐజీ (ఎక్కువ ఆదాయం) ఇళ్లు. నేరుగా సాగే రోడ్లు, వాటికి నంబర్లు, మధ్యమధ్య పార్కులు, బడికీ గుడికీ విడిగా స్థలాలు. ఇప్పటికీ ఇంటి నంబర్లు "ఎంఐజీ ఇన్ని, ఎల్‌ఐజీ ఇన్ని" అనే నడుస్తున్నాయి. ఆ నంబరు, ఫేజు చెబితే కొరియర్ కుర్రాడు ఫోన్ చేయకుండానే గేటు ముందుంటాడు. పక్కనే ఉన్న అడ్డగుట్టలోనో, నిజాంపేట రోడ్డు వెంట ఉన్న సందుల్లోనో ఓ సాయంత్రం తిరిగొస్తే ఈ లేఅవుట్ విలువ తెలుస్తుంది. అక్కడ సందు ఎక్కడ ముగుస్తుందో అందులోకి దూరాకగానీ తెలియదు. ఇక్కడ ఒక రోడ్డు మూసుకుపోతే పక్క రోడ్డులోంచి బయటపడొచ్చు. కూకట్‌పల్లి మున్సిపాలిటీ 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసిన తర్వాత కూడా ఆ గళ్ల నక్షా చెక్కుచెదరలేదు.

మారింది ఎత్తు. బోర్డు లెక్కలో ప్లాటుకి ఒక ఇల్లు, ఇంటికి ఒక కుటుంబం. ఇప్పుడు ఆ పాత ఇల్లు కూలగొట్టి, స్టిల్టు వేసి, పైన అయిదు అంతస్తులు లేపి, హాస్టల్ బోర్డు పెడుతున్నారు. 150 గజాల ప్లాటునే తీసుకోండి. అంతస్తుకి నాలుగు గదులు, గదికి ముగ్గురు, అయిదు అంతస్తులు: మొత్తం అరవై మంది. అయిదుగురి కోసం గీసిన గడిలో అరవై మంది! అలాంటివి ఒకే రోడ్డులో నాలుగు లేస్తే ఆ రోడ్డు స్వభావమే మారిపోతుంది. కాలనీ మొత్తం ఇలాగే ఉందనుకోకండి. మెట్రోకి, జేఎన్‌టీయూకి నడిచిపోయేంత దగ్గరున్న రోడ్లలో హాస్టళ్లు వరసకట్టాయి. లోపలికి పోయేకొద్దీ పాత డాబాలు, వేపచెట్లు, అరుగు మీద పేపరు చదివే పెద్దాయనలు ఇంకా కనిపిస్తారు. "కేపీహెచ్‌బీ ఇరుకా?" అని గంపగుత్తగా అడిగితే జవాబు లేదు. ఏ ఫేజు, ఏ రోడ్డు, పక్క ప్లాటులో ఏముంది అని అడగాలి.

నీళ్ల లెక్క చూడండి. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అన్నది ప్రభుత్వ ప్రమాణం. అయిదుగురి ఇంటికి 675 లీటర్లు చాలు. అరవై మంది హాస్టల్‌కి 8,100 కావాలి. నగరానికి నీళ్లిచ్చే జలమండలి సరఫరా మామూలుగా రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి సంపులో 16 వేల లీటర్లు పట్టాలి. ఈ సైజు ప్లాటులో స్తంభాల పునాదులు పోను అంత సంపు తవ్వే చోటు ఎక్కడిది? సంపు చాలకపోయినా, లైనులో ఒత్తిడి లేకపోయినా 5,000 లీటర్ల ట్యాంకరే గతి. ట్యాంకరు ఖాళీ అయ్యేదాకా ఆ రోడ్డులో ఒక వరస మూతపడ్డట్టే, అదీ సరిగ్గా స్కూలు బస్సులు వచ్చే వేళకి. రోడ్డు మీద మీకు కనిపించే రద్దీలో కొంత అసలు పైపులో మొదలైందే. దీనికి తోడు కొందరు నల్లా లైనుకే నేరుగా మోటారు బిగిస్తారు. ఒకరు బిగిస్తే వరస చివరి ఇళ్లకి ధార సన్నబడుతుంది, దాంతో వాళ్లూ బిగిస్తారు. నల్లాకి మోటారు పెట్టడం నేరం, పట్టుకుంటే మోటారు పట్టుకుపోతారు. అయినా వేసవిలో ఈ రోగం తగ్గదు.

డ్రైనేజీ అంతకన్నా మొండిది. ఇంటి నుంచి మ్యాన్‌హోల్‌కి వెళ్లే పైపు సాధారణంగా ఆరు అంగుళాలది. అందులోకి హాస్టల్ వంటింటి నూనె దిగుతుంది. వేడిగా ఉన్నప్పుడు జారిపోయిన నూనె, పైపు వంపు దగ్గర చల్లారి గోడకి పట్టి, పోనుపోనూ ఆ పైపుని ఇరుకు చేస్తుంది. దానికి శానిటరీ ప్యాడ్లూ తడి టిష్యూలూ తగిలితే ఇక చెప్పేదేముంది! పొంగేది ఎక్కువగా ఉదయం 8 నుంచి 10 మధ్య, అందరి స్నానాలూ ఒకేసారి అయ్యే వేళకి. జలమండలి నంబరు 155313కి ఫిర్యాదు చేస్తే, పైపులోకి నీళ్లు జోరుగా చిమ్మే జెట్టింగ్ మెషిన్ వచ్చి కొట్టి వెళ్తుంది, రోడ్డు లైను తేలికవుతుంది. ఇంటి లోపలి పైపులో జిడ్డు అలాగే ఉంటుంది కాబట్టి కొన్నాళ్లకే మళ్లీ అదే కథ. అసలు మందు ఒకటే: వంటింటి నీళ్లు మ్యాన్‌హోల్‌లో కలిసే ముందు రెండు గదుల చిన్న చాంబరు కట్టించి, తేలిన జిడ్డుని వారానికోసారి తీయించాలి. పని చిన్నదే, తీసే మనిషిని పెట్టుకోవడంలోనే బద్ధకం. పొంగిన నీళ్లు పల్లానికి పోతాయి కాబట్టి తప్పు ఎవరిదైనా వాసన మాత్రం రోడ్డు చివరి ఇంటివాళ్లదే.

ఇక పార్కింగ్. ముప్పై అడుగుల రోడ్డు వినడానికి బాగుంటుంది, టేపు పెట్టి కొలిస్తే తెలుస్తుంది దాని బండారం. స్టిల్టులోకి కారు ఎక్కాలని ఇంటింటికీ రోడ్డు మీదికి మూడేసి అడుగుల ర్యాంపు పోస్తారు: రెండు పక్కలా ఆరడుగులు పోయాయి. ర్యాంపుని ఆనించి బయట పెట్టిన కారు వెడల్పు ఆరడుగులు, రెండు వైపులా పెడితే పన్నెండు. మిగిలింది పన్నెండు అడుగులు. ఎదురెదురుగా రెండు కార్లు వస్తే అద్దాలు మడుచుకోవాలి. చెత్త ఆటో ఆగితే వెనక బైకులు బారులు తీరతాయి. ఫైరింజన్ ఎనిమిది అడుగులకి పైనే ఉంటుంది, నేరుగా అయితే దూరుతుంది, మలుపు మాత్రం తిరగలేదు. స్టిల్టు పార్కింగ్‌కే అని పర్మిషన్‌లో రాసి ఉన్నా అందులో మెస్ బల్లలూ వాచ్‌మన్ గదీ వెలుస్తాయి, బైకులు రోడ్డెక్కుతాయి. ర్యాంపులతో ఇంకో నష్టం ఉంది: రోడ్డు పక్కన వాననీళ్లు పారాల్సిన దారి మూసుకుపోయి, గట్టి వానకి నడిరోడ్డే కాలువవుతుంది. కాలనీ సంక్షేమ సంఘం గట్టిగా ఉన్న చోట ఒకవైపే పార్కింగ్ అని గీత గీసుకున్న రోడ్లున్నాయి. అలాంటి రోడ్డులో ఇల్లు దొరికితే అద్దె కాస్త ఎక్కువైనా నష్టం లేదు.

కరెంటు సంగతి ఒక్క ముక్క. మే నెల రాత్రుల్లో ఏసీలన్నీ ఒకేసారి తిరిగితే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎగిరిపోవడం మామూలే. మంజూరైన కిలోవాట్లకి మించి వాడే భవనాలు ఉన్న రోడ్డులో ఇది ఎక్కువ.

వచ్చిపోయేవాళ్లు చూసే రద్దీకి కారణాలు చాలావరకు కాలనీ బయటివే. 2017 నవంబరులో మియాపూర్ నుంచి అమీర్‌పేటకి మెట్రో మొదలై, 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా సాగాక అటువైపు ప్రయాణం సుఖమైంది. కానీ ఇక్కడి ఉద్యోగుల్లో పెద్ద భాగం వెళ్లేది అటు కాదు, దక్షిణంగా హైటెక్ సిటీకి. మెట్రోలో వెళ్లాలంటే కేపీహెచ్‌బీ నుంచి అమీర్‌పేటకి ఎనిమిదో స్టేషన్, అక్కడ లైను మారితే హైటెక్ సిటీకి మళ్లీ ఎనిమిదో స్టేషన్. రోడ్డు మీద అయితే అయిదారు కిలోమీటర్లు. మరి ఎవరు చుట్టు తిరుగుతారు? అందుకే జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ రోడ్డు అంతా బైకులే. లులు మాల్, నెక్సస్ మాల్ రెండూ ఆ ఒక్క రోడ్డు మీదే ఉన్నాయి. లులు తెరిచిన 2023 సెప్టెంబరులో ఆ రోడ్డు కదలకుండా నిలిచిపోయిన సాయంత్రాలు నగరమంతా చెప్పుకుంది. రాజీవ్ గాంధీ విగ్రహం దగ్గరి ఫ్లైఓవర్ కూడలిని దాటిస్తుందే తప్ప, ముందున్న రైలు వంతెన దగ్గరి ముడి విప్పదు. 2022 జూన్‌లో తెరిచిన కైత్లాపూర్ ఫ్లైఓవర్ మాత్రం పనికొచ్చింది. మూసాపేట వైపు ఫేజుల్లో ఉండేవాళ్లకి అదే దగ్గరి దారి, మాల్స్ ముందు నుంచి పోవాల్సిన పని లేదు.

బస్సులకి వేరే చిక్కు. 218, 219 పటాన్‌చెరు నుంచే నిండి వస్తాయి. 2023 డిసెంబరులో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఉదయం వేళ టెంపుల్ బస్టాప్ దగ్గర ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టడమే గొప్ప. రాత్రి పూట ఇంకో రకం రద్దీ: విజయవాడ, గుంటూరు, గోదావరి జిల్లాలకి వెళ్లే ప్రైవేటు బస్సులు హైవే పక్కన ఆగి, సూట్‌కేసులతో జనం సర్వీసు రోడ్డంతా నిలబడతారు. శుక్రవారం రాత్రి, పండగ ముందు రోజు అటు కారు తీయకపోవడం మంచిది. వినాయక నిమజ్జనం రోజుల్లో ఐడీఎల్ చెరువుకి వెళ్లే ఊరేగింపులతో హైవే పని అయిపోయినట్టే. సంక్రాంతికి మాత్రం కాలనీ సగం ఖాళీ అవుతుంది. బోర్డు వేసిన రోడ్లు ఎంత వెడల్పో ఆ మూడు రోజులూ కళ్లారా చూడొచ్చు.

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోవాలి. ఈ జనమే ఈ కాలనీకి బలం కూడా. రాత్రి పదకొండింటికి ఒంటరి ఆడపిల్ల మెట్రో దిగి నడిచి వెళ్లినా రోడ్డు మీద మనుషులుంటారు, టిఫిన్ బండ్లుంటాయి. వంట చేయలేని రోజు కర్రీ పాయింటులో పప్పు, వేపుడు, పచ్చడి కట్టించుకుంటే ఇద్దరి భోజనం అయిపోతుంది. మందుల షాపు, జిరాక్సు, టైలరు అన్నీ నడిచిపోయే దూరమే. గేటెడ్ విల్లాల్లో కొత్తిమీర కట్టకి యాప్ తెరవాలి. బ్రహ్మచారులకి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి, పెద్ద వయసులో ఆసుపత్రి దగ్గరుండాలనుకునే దంపతులకి ఇంతకన్నా అనువైన చోటు నగరంలో తక్కువ. రెండు కార్లూ చిన్నపిల్లలూ ఉన్న కుటుంబానికి మాత్రం లోపలి ఫేజుల్లో, అదీ చూసి చూసి ఎంచుకుంటే తప్ప సుఖం లేదు. ముందు ముందు రద్దీ తగ్గుతుందన్న ఆశా పెట్టుకోవద్దు: 2025లో హౌసింగ్ బోర్డు ఇక్కడి ఫేజ్ 4లో వేలం వేసిన 7.8 ఎకరాలకి ఎకరం 70 కోట్లు పలికింది. ఆ రేటు పెట్టి కొన్నవాడు డాబా ఇళ్లు కట్టడు కదా.

ఇల్లు చూడటానికి ఆదివారం మధ్యాహ్నం పిలుస్తారు, అప్పుడు అన్ని రోడ్లూ బాగానే ఉంటాయి. పనిదినం ఉదయం ఎనిమిదిన్నరకి ఒకసారి, రాత్రి పదికి ఒకసారి వెళ్లండి. ఉదయం మ్యాన్‌హోల్ మూత చుట్టూ చూడండి, తడి మరక, నల్లటి బూడిదలాంటి పొర ఉంటే అది పొంగే మ్యాన్‌హోలే. రాత్రి రోడ్డు మీద కార్లు లెక్కపెట్టండి. సంపు ఎన్ని వేల లీటర్లో, ఎన్ని ఇళ్లకి పంచుతున్నారో ఓనరుని కాకుండా వాచ్‌మన్‌ని అడగండి. వేసవిలో వారానికి ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో కూడా అతనికే తెలుసు. మెయింటెనెన్స్‌లో ట్యాంకర్ డబ్బు కలిసి ఉందా, విడిగానా అన్నది అద్దె ఒప్పందంలో రాయించుకోండి. జలమండలి నెలకి 20 వేల లీటర్లు ఉచితంగా ఇచ్చేది గృహ కనెక్షన్లకే, అదీ బస్తీలు కాని చోట మీటరు ఉంటేనే. కాబట్టి ఇంటికి మీటరు ఉందో లేదో కూడా చూడండి. కింద గదులు హాస్టల్‌కి ఇచ్చి పైన కుటుంబాలకి అద్దెకిచ్చే భవనమైతే నీళ్లకి, లిఫ్టుకి రోజూ పోటీయే.

కొనేవాళ్లయితే ప్లాన్ కాపీ తీసుకుని వీధిలో నిలబడి అంతస్తులు లెక్కపెట్టండి. 2012 నాటి జీవో 168 ప్రకారం 200 చదరపు మీటర్ల లోపు, అంటే దాదాపు 240 గజాల లోపు ప్లాటులో భవనం ఎత్తు 10 మీటర్లు దాటకూడదు. స్టిల్టు మీద నాలుగైదు అంతస్తులు ఆ లెక్కలో ఇమడవు. "బీఆర్‌ఎస్‌కి (అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకం) పెట్టామండీ" అని 2015 నాటి రసీదు చూపిస్తే, అది దరఖాస్తు పెట్టినట్టు రుజువే తప్ప క్రమబద్ధం చేసిన ఉత్తర్వు కాదు. ఉత్తర్వు కాపీ అడగండి. అది లేని పై అంతస్తుల్లో ఫ్లాటు కొంటే బ్యాంకు లోను దగ్గరే మొదటి పేచీ వస్తుంది.